ఇంజినీరు కొలువు వదిలి శాసనసభకు పోతే: ఒక చర్చ

హనుమకొండ_పాఠకుడు:

సభ్యులందరికీ నమస్కారం. మా అన్నయ్య నీటిపారుదల శాఖలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి శ్రీరాంసాగర్ కాలువల మీద, దేవాదుల పనుల మీద, చెరువు కట్టల మీద తిరిగిన మనిషి. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని శాసనసభ ఎన్నికల్లో నిలబడాలన్న ఆలోచన ఆయనను గట్టిగా పట్టుకుంది. ఒక పార్టీ వాళ్లు టికెట్ మీద ఆశ పెట్టారు గానీ మాట ఇవ్వలేదు. వదిన ససేమిరా అంటున్నారు, అమ్మ ఎటూ తేల్చడం లేదు, ఇద్దరూ నన్ను చెరో పక్కకు సాక్ష్యానికి పిలుస్తున్నారు.

గెలుస్తారా, ఓడుతారా అని ఇక్కడ అడగడం లేదు. ఇంజినీరుగా బతికిన మనిషికి ఆ చదువు, ఆ అనుభవం శాసనసభలో ఎంతవరకు అక్కరకొస్తాయి, ఆ జీవితం లోపలి నుంచి ఎట్లా ఉంటుంది, మన ఓరుగల్లు ప్రాంతంలో ఆ దారిన నడిచిన వాళ్ల అనుభవం ఏమి చెబుతోంది అన్నవే నా ప్రశ్నలు. పార్టీల తగవు తేవద్దని మనవి.

విశ్రాంత_ఈఈ:

తమ్ముడూ, నేను శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ మీద ఎక్కువ కాలం పనిచేసి రిటైరైన వాడిని. ముందుగా ఒక తేడా చెప్పి మిగతాది మాట్లాడతాను. ఇంజినీరు జీవితమంతా కొలతల పుస్తకంలో పెట్టిన సంతకం చుట్టూ తిరుగుతుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలత రాస్తాడు, డీఈ, అంటే మీ అన్నయ్య హోదా వాడు, ఆ కొలత సరిచూసి చెక్ మెజర్‌మెంట్ చేస్తాడు, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) బిల్లు పాస్ చేస్తాడు. పదేళ్ల తరువాత కాలువ లైనింగ్ కూలినా, విజిలెన్స్ వాళ్లు మొదట తెరిచేది ఆ పుస్తకాన్నే. శాసనసభ్యుడి సిఫారసు లేఖకు అటువంటి బాధ్యత లేదు. ఆయన చెబితే మారిన కాలువ అలైన్‌మెంట్‌కు జవాబు చెప్పుకోవలసినవాడు ఎప్పుడూ కింది ఇంజినీరే. మీ అన్నయ్య ఇన్నాళ్లూ ఆ లేఖలు అందుకున్నవాడు, రేపు వాటిని రాసేవాడు అవుతారు. ఆ మార్పును ఆయన ఎట్లా మోస్తారన్నది టికెట్ కన్నా పెద్ద విషయం.

ఇక సభలో అక్కరకొస్తుందా అన్న ప్రశ్న. 2016 మార్చి 31న అప్పటి ముఖ్యమంత్రి శాసనసభలోనే తెర కట్టించి, ఉపగ్రహ పటాలతో రాష్ట్ర జల విధానం మీద గంటల తరబడి ప్రదర్శన ఇచ్చారు. ప్రధాన ప్రతిపక్షం ఆ ప్రదర్శనకు దూరంగా ఉంది. బహిష్కరణ రాజకీయంగా సరైనదా కాదా అన్నది పక్కన పెడతాను. ఆ తెర ముందు ఒక డిజైన్ ఇంజినీరు కూర్చుని ఉంటే ఏమి అడిగేవాడో ఆలోచించండి. బ్యారేజీ పునాది రాతి మీదనా, ఇసుక మీదనా? ఇసుక మీదనైతే అడుగు నుంచి నీరు ఊరకుండా కట్టే గోడను దేనితో, ఎంత లోతు వరకు కడుతున్నారు? ప్రవాహాన్ని మళ్లించడానికి కట్టే బ్యారేజీలో ఏడాది పొడుగునా నిండుగా నీరు నిలపాలని ఎందుకు అనుకుంటున్నారు? ఒక ఎకరాకు నీరు ఎత్తిపోయడానికి అయ్యే కరెంటు ఖర్చు ఎవరి పద్దులో పడుతుంది? కాళేశ్వరం పథకంలో భాగమైన మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్‌లో ప్రారంభమైంది, 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు (గేట్లను మోసే స్తంభాలు) కుంగాయి. 2024 ఫిబ్రవరిలో శాసనసభ్యులు బస్సుల్లో పోయి ఆ పగుళ్లను చూసి వచ్చారు. కుంగిన తరువాత పోయి చూడడానికి ఇంజినీరే కావలసిన పని లేదు. కట్టకముందు అడగడానికి మాత్రం అటువంటి వాడు ఉండాలి.

ములుగు_రోడ్డు:

ఈఈ సార్ మాట కాదనను గానీ, అడిగే మనిషి ఉన్నంత మాత్రాన జవాబు వస్తుందని నమ్మలేను. అధికార పక్షంలో ఉంటే పార్టీ అడగనివ్వదు, ప్రతిపక్షంలో ఉంటే మైకు ఇవ్వరు. ఆ రోజు అధికార పక్షం బెంచీల మీద ఇంజినీరు ఉండి ఉంటే ఆయన కూడా బల్ల చరిచేవాడే.

విశ్రాంత_ఈఈ:

చరిచేవాడేమో. కాబట్టే డిగ్రీని నమ్ముకోవద్దని చెబుతున్నాను, ప్రశ్నను నమ్ముకోమంటున్నాను.

జనగామ_వాసి:

మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఈ చర్చ పొన్నాల లక్ష్మయ్య గారి ప్రస్తావన లేకుండా పూర్తి కాదు. నేను ఆయన అభిమానినీ కాదు, వ్యతిరేకినీ కాదు. ఆయన పోటీ చేసిన ఎన్నికలన్నీ చూసిన ఓటరును.

ఖిలాషాపూర్ నుంచి వచ్చి, ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో ఉద్యోగం చేసి తిరిగివచ్చిన మనిషి ఆయన. జనగామ నుంచి 1989లో గెలిచారు, తరువాత 1999, 2004, 2009 ఎన్నికల్లో వరుసగా గెలిచారు. మా జనగామ మెరక ప్రాంతం. మాకు పారే నది లేదు, వానపడితే చెరువు, లేకపోతే బోరు. అటువంటి చోటి ప్రతినిధికి 2004లో భారీ నీటిపారుదల శాఖ దక్కింది. జలయజ్ఞం పేరుతో రాష్ట్రమంతటా ఒకేసారి పదుల కొద్దీ ప్రాజెక్టులు మొదలుపెట్టిన కాలమది. ఏటూరునాగారం మండలం గంగారం దగ్గర గోదావరి నీటిని ఎత్తి భీం ఘనపూర్, ధర్మసాగర్ మీదుగా మా మెరకకు తెచ్చే దేవాదుల పథకం ఆయన మంత్రిగా ఉన్నప్పుడే ముందుకు నడిచింది. మా వైపు చెరువుల్లో గోదావరి నీరు చూసిన రైతుకు ఆ సంగతి వేరే చెప్పనవసరం లేదు.

రెండో పక్క కూడా చెప్పాలి. జలయజ్ఞం పనులను ఈపీసీ పద్ధతిలో, అంటే సర్వే, డిజైన్, నిర్మాణం మొత్తం ఒకే గుత్తేదారుకు అప్పగించే పద్ధతిలో ఇచ్చారు. భూసేకరణ, అనుమతులు పూర్తి కాకముందే పనులు మొదలుపెట్టారని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2012 నాటి నివేదికలో తప్పుపట్టింది. శాఖకు ఇంజినీరే మంత్రిగా ఉన్నా ఆ పద్ధతి ఆగలేదు, ఎందుకంటే అది ఇంజినీరింగ్ నిర్ణయం కాదు, ప్రభుత్వ నిర్ణయం. అదే శాఖను వేరే ప్రభుత్వంలో అధ్యాపక వృత్తి నుంచి వచ్చిన కడియం శ్రీహరి గారు కూడా చూశారు. ఇద్దరి కాలాల్లోనూ ఫైళ్లు నడిచిన తీరులో చదువు వల్ల వచ్చిన తేడా ఏమిటని మా ఊరి రైతును అడిగితే ఆయన నవ్వుతాడు.

2009 ఎన్నిక మీ అన్నయ్య గారికి తప్పకుండా చెప్పండి. అయిదేళ్లు నీటిపారుదల మంత్రిగా చేసిన మనిషి ఆ ఎన్నికలో 236 ఓట్ల తేడాతో బయటపడ్డారు. ఓడిన కొమ్మూరి ప్రతాపరెడ్డి గారు అప్పుడు టీఆర్ఎస్ అభ్యర్థి. 2014లో పొన్నాల గారు తెలంగాణ కాంగ్రెస్‌కు తొలి అధ్యక్షులై పార్టీని ఎన్నికలకు తీసుకుపోయి, జనగామలో తామే ఓడిపోయారు. 2023కు వచ్చేసరికి కాంగ్రెస్ టికెట్ అదే కొమ్మూరి గారికి దక్కింది, పొన్నాల గారు అక్టోబరులో బీఆర్ఎస్‌లో చేరారు, సీటును పల్లా రాజేశ్వర్ రెడ్డి గారు బీఆర్ఎస్ పక్షాన గెలిచారు. ఒక్క నియోజకవర్గంలో ఒక్క మనిషి జీవితకాలంలో ఇన్ని మలుపులు. ఇందులో ఏ మలుపునూ డిజైన్ లెక్కలతో ముందే పట్టుకోలేము.

ఏఈఈ_కరీంనగర్:

నమస్కారం. నేను ప్రస్తుతం సర్వీసులో ఉన్నదాన్ని కాబట్టి రాజకీయాల జోలికి పోకుండా నిబంధనల మేరకే రాస్తాను. 1964 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం ప్రభుత్వోద్యోగి రాజకీయ పార్టీలో సభ్యుడు కాకూడదు, ప్రచారంలో పాల్గొనకూడదు. టికెట్ ఆశతో ఇప్పుడే సభలకు, కార్యకర్తల భోజనాలకు పోతుంటే ఎవరైనా ఫొటో తీసి పైకి పంపడానికి ఒక్క నిమిషం చాలు. మా కార్యాలయాల్లో ఈర్ష్యలు ఎట్లా ఉంటాయో మీ అన్నయ్య గారికి తెలియనిది కాదు.

ఉద్యోగంలో ఉంటూ నామినేషన్ వేయడం కుదరదు, ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు రాజ్యాంగం 191వ అధికరణం ప్రకారం అనర్హులు. రాజీనామా గానీ విరమణ గానీ ఆమోదం పొంది, చేతికి ఉత్తర్వు వచ్చి ఉండాలి. ఇరవై ఏళ్ల అర్హ సర్వీసు నిండితే మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద విరమణ అడగవచ్చు. కానీ శాఖాపరమైన విచారణ ఏదైనా నడుస్తుంటే ప్రభుత్వం అనుమతి ఆపవచ్చు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక దరఖాస్తు పెట్టి, ఉత్తర్వు కోసం సచివాలయం చుట్టూ తిరిగే పరిస్థితి తెచ్చుకోవద్దు.

మీ వదినమ్మ గారి భయానికి కూడా ఒక ఆధారం ఉందని చెప్పాలి. విరమణ తీసుకున్నంత మాత్రాన పాత సంతకాలు వదలవు. విచారణ మొదలుపెట్టే నాటికి నాలుగేళ్ల లోపు జరిగిన సంఘటనల మీద, పెన్షన్ నియమాల కింద విశ్రాంత ఉద్యోగి పైన కూడా చర్య మొదలుపెట్టవచ్చు. రాజకీయాల్లోకి దిగిన ఇంజినీరు పాత కొలతల పుస్తకాలను తిరగేయడానికి ప్రత్యర్థులకు ఉత్సాహం సహజంగానే ఎక్కువ. ఆయన పని శుభ్రంగా ఉండవచ్చు. అయినా నోటీసు వచ్చిందన్న వార్త ఎన్నికల వారంలో చాలు.

హనుమకొండ_పాఠకుడు:

మేడం గారికి ధన్యవాదాలు. వదినకు ఈ మాట చదివి వినిపించాను. "ఇదే నేను నెల నుంచి చెబుతున్నది" అని అన్నయ్య వంక చూశారు. అన్నయ్య మాత్రం నాలుగేళ్ల నిబంధన తనకు తెలుసని, తన కింది ఏఈల పుస్తకాలన్నీ స్వయంగా చూసుకున్నానని అంటున్నారు. ఎవరైనా సభ్యులు రోజువారీ జీవితం గురించి చెప్పగలరా?

నక్షత్ర_ప్రశ్న:

నేను ఒక శాసనసభ్యుడి దగ్గర చాలా కాలం వ్యక్తిగత సహాయకుడిగా పనిచేశాను. పేరు, పార్టీ, జిల్లా చెప్పను. ఆయన ఇంజినీరు కాదు గానీ, ఆ కుర్చీ ఎవరు కూర్చున్నా ఒకే తీరుగా మనిషిని పిండుతుంది.

తెల్లవారకముందే వాకిట్లో జనం ఉంటారు. అందులో ఎక్కువ మంది కాలువ గురించి, రోడ్డు గురించి వచ్చినవాళ్లు కారు. ఆసుపత్రి బిల్లుకు ముఖ్యమంత్రి సహాయనిధి లేఖ, కొడుకు మీద పోలీసు కేసు, భూమి పట్టాలో పేరు తప్పు, గురుకులంలో సీటు, భార్యాభర్తల పంచాయితీ. తరువాత పెళ్లిళ్లు, దశదిన కర్మలు. ఒక్క చావుకు పోకపోతే ఆ ఇంటివాళ్లు అయిదేళ్లు గుర్తు పెట్టుకుంటారు. మేడారం జాతర ఏడు అయితే ఆ రోజుల్లో మరో పని పెట్టుకోకూడదు. రాత్రికి వచ్చేసరికి ఫోను వేడెక్కి ఉంటుంది. ఇంత చేసి సభలో మాట్లాడడానికి తయారయ్యే సమయం ఎక్కడిది? ఏడాదిలో సభ కూర్చునే రోజులు అసలే కొద్ది. బడ్జెట్ సమావేశాల్లో పద్దులపై చర్చకు దొరికేది కొద్ది గంటలు, చివరి రోజున చర్చకు రాని పద్దులన్నీ గిలెటిన్ పేరుతో ఒక్క ఊపులో ఆమోదం పొందుతాయి.

అయినా ఇంజినీరుకు అక్కడ చోటు ఉంది. అది టీవీలో కనిపించే చోటు కాదు. నక్షత్ర గుర్తు ప్రశ్న, అంటే సభలో మంత్రి నోటితో జవాబు చెప్పవలసిన ప్రశ్న వేసినప్పుడు మంత్రి గారి చేతిలో శాఖ రాసిచ్చిన కాగితం ఉంటుంది. "పనులు పురోగతిలో ఉన్నాయి" అని అందులో ఉంటుంది. సాధారణ సభ్యుడు అక్కడితో ఆగిపోతాడు. ఎస్టిమేట్ చదవడం తెలిసినవాడు అనుబంధ ప్రశ్నగా "సవరించిన అంచనాలో మట్టి పని ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది, మొదటి సర్వేలో రాయి ఎందుకు కనబడలేదు" అని అడగగలడు. ఆ ప్రశ్నకు కాగితంలో జవాబు ఉండదు. ప్రజా పద్దుల కమిటీ, అంచనాల కమిటీ గదుల్లో ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ అధికారులు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి, కెమెరాలు ఉండవు, అరుపులు ఉండవు. కాగ్ నివేదికను కమిటీలో ఒక్కొక్క పేరా పట్టుకుని అడిగే సభ్యులు చాలా తక్కువ. ఆ నివేదికలు సభ ముందు పెట్టిన రోజు పత్రికల్లో వస్తాయి, తరువాత అల్మారాకు పోతాయి.

ఖర్చు సంగతి ఒక్క మాటలో: ఎన్నికల సంఘం అభ్యర్థికి పెట్టిన పరిమితి 2022 నుంచి 40 లక్షలు. ఆ అంకె చదివి మీ అన్నయ్య గారు ధైర్యం తెచ్చుకోవద్దు.

ములుగు_రోడ్డు:

నేను క్లాస్ వన్ గుత్తేదారుని, చదువు సివిల్. ఇంజినీరు అన్నప్పుడు సర్కారీ ఇంజినీరే గుర్తుకు రావడం సరి కాదు. మన జిల్లాల్లో ఇంజినీరింగ్ చదివి రాజకీయాల్లోకి దిగేవాళ్లలో చాలామంది మధ్యలో గుత్తేదారీ చేసినవాళ్లే; డబ్బు అక్కడే వస్తుంది కాబట్టి. వాళ్లకు ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ ఉంది. ప్రభుత్వంతో సరుకుల సరఫరాకో, పనుల నిర్వహణకో నడుస్తున్న ఒప్పందం ఉంటే అభ్యర్థి అనర్హుడు. పని పూర్తయి, ప్రభుత్వం ఇవ్వవలసిన బిల్లు మాత్రమే మిగిలి ఉంటే ఒప్పందం నడుస్తున్నట్టు లెక్క కాదని ఆ సెక్షన్‌కే వివరణ ఉంది. బిల్లులు ఏళ్ల తరబడి రాని కాలంలో ఆ వివరణ లేకపోతే మాలో ఎవరూ నామినేషన్ వేయలేరు!

అందుకే చాలామంది ఒప్పందాలను భార్య పేరుకో, బావమరిది సంస్థకో మార్చి తరువాత నామినేషన్ వేస్తారు. చట్టం అక్షరం నిలుస్తుంది, ఉద్దేశం గోదాట్లో కలుస్తుంది. ఇంజినీరు శాసనసభ్యుడైతే మంచి ఎస్టిమేట్లు వస్తాయని ఆశపడేవాళ్లు, ఆ ఎస్టిమేట్‌ను లోపలి నుంచి ఎట్లా పెంచాలో కూడా ఆయనకే బాగా తెలుసన్నది మరువకూడదు. నేను ఇందులో ఉన్నవాణ్ణి కాబట్టే అంటున్నాను.

నిట్_పాత_విద్యార్థి:

ఒక విచిత్రం గమనించారా? 1959లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన మన వరంగల్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల (ఆర్‌ఈసీ, ఇప్పటి నిట్) దేశంలోని ఆర్‌ఈసీలలో మొట్టమొదటిది. కాజీపేట రైల్వే, రామగుండం విద్యుత్తు, సింగరేణి బొగ్గు, శ్రీరాంసాగర్ అన్నీ మన చుట్టూ ఉన్నాయి. ఇంత ఇంజినీర్ల గడ్డ నుంచి శాసనసభకు పోతున్నది మాత్రం డాక్టర్లు. స్టేషన్ ఘనపూర్ నుంచి గెలిచిన రాజయ్య గారు పిల్లల వైద్యులు, జగిత్యాల సంజయ్ కుమార్ గారు కంటి వైద్యులు, 2023లో మానకొండూరు, మహబూబాబాద్, డోర్నకల్ మూడు చోట్లా డాక్టర్లే గెలిచారు.

కారణం ఊహించడం కష్టం కాదు. డాక్టరు చెయ్యి పట్టి చూసిన ప్రతి మనిషి ఆయనకు ఓటరు. ఇంజినీరు కట్టిన తూములోంచి నీరు పారితే ఎవరూ ఆయన పేరు తలుచుకోరు, పారకపోతే మాత్రం ఆయన ఇంటి పేరు సహా గుర్తుంటుంది. పైగా రిజర్వుడు నియోజకవర్గాల్లో చదువుకున్న తొలి తరం నుంచి డాక్టరై ఊరికి తిరిగి వచ్చిన మనిషికి వచ్చే గౌరవం, హైదరాబాదులోనో డాలస్‌లోనో స్థిరపడిన ఇంజినీరుకు రాదు.

వేరే రాష్ట్రాల్లో ఈ దారి ఉంది. బొంబాయి ఐఐటీలో మెటలర్జీ చదివిన మనోహర్ పారికర్ 1994లో పణజి నుంచి గోవా శాసనసభకు గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. పాట్నాలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన నితీశ్ కుమార్ రెండుసార్లు ఓడి, 1985లో హర్నౌత్ నుంచి బిహార్ శాసనసభలో అడుగుపెట్టారు. ఇద్దరినీ జనం ఇంజినీరు అని ఎన్నుకోలేదు. ఒకరికి ఆర్‌ఎస్‌ఎస్ వెనుక ఉంది, మరొకరికి జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం. మీ అన్నయ్య గారి వెనుక ఏముందన్నది అడిగి చూడండి.

జనగామ_వాసి:

తెలంగాణలో ఉద్యోగుల వెనుక ఉన్నది ఉద్యమమే. 2011 సకల జనుల సమ్మెను నడిపిన ఉద్యోగ సంఘాల నాయకులలో కొందరు తరువాత చట్టసభలకు వచ్చారు. స్వామిగౌడ్ గారు 2013లో కరీంనగర్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్ పట్టభద్రుల స్థానం నుంచి మండలికి గెలిచి, తెలంగాణ శాసనమండలికి తొలి అధ్యక్షులయ్యారు. ఆ గాలి ఇప్పుడు లేదు. అప్పుడు ఇంజినీర్ల ఐక్య కార్యాచరణ సమితిలో తిరిగిన వాళ్లలో ఎందరు ఇంకా రాజకీయాల పేరెత్తుతున్నారో చూడండి.

పట్టభద్ర_ఓటరు:

స్వామిగౌడ్ గారి పేరు వచ్చింది కాబట్టి మండలి దారి గురించి కొంత రాస్తాను. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం మండలిలో పన్నెండింట ఒక వంతు స్థానాలు పట్టభద్రులవి. మనకు వరంగల్, ఖమ్మం, నల్లగొండ ఒక నియోజకవర్గం. ఉత్తరాన కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, మెదక్ మరొకటి. ఇంజినీరుకు ఇదే సహజమైన మార్గమని చాలామంది అనుకుంటారు, నేనూ కొంతకాలం అట్లాగే వాదించాను. కానీ 2021లో మన స్థానానికి 71 మంది పోటీ చేశారు, బ్యాలెట్ పత్రం దినపత్రిక అంత పొడుగు వచ్చింది. ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో చివరి వారిని ఒక్కొక్కరినీ తొలగిస్తూ రోజుల తరబడి లెక్కించారు. 2024 ఉప ఎన్నికలో కూడా రెండో ప్రాధాన్యం వరకూ పోవలసి వచ్చింది. పాత ఉమ్మడి జిల్లాలు మూడింటిని చుట్టాలి, ఓటరుగా నమోదు కాని పట్టభద్రులను ముందు నమోదు చేయించాలి. శాసనసభ నియోజకవర్గం కన్నా ఖర్చు తక్కువ కాదు, తిరుగుడు ఎక్కువ.

పైగా మండలి సభ్యుడికి తనదని చెప్పుకునే చెరువు ఒక్కటీ ఉండదు. మీ అన్నయ్య గారి అనుభవమంతా నేల మీదిది. ఆయనకు ఆ లోటు తెలుస్తుంది.

విశ్రాంత_ఈఈ:

చెరువు మాట వచ్చింది కాబట్టి నా అసలు భయం చెబుతాను. శాసనసభ్యుడైన ఇంజినీరుకు పెద్ద ప్రమాదం తన నియోజకవర్గానికి తానే పెద్ద ఈఈ అయిపోవడం.

ఉదాహరణకు మిషన్ కాకతీయ తీసుకోండి. 2015లో మొదలైన ఆ పథకంలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్నది లక్ష్యం. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల చెరువులు చూసిన మనకు, చెరువు అంటే ఒక్క కట్ట కాదని తెలుసు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకు నీరు పోయే గొలుసు అది. పూడిక తీసి కట్ట మీద మట్టి పోస్తే ఫొటోకు బాగుంటుంది. గొలుసు నిలవాలంటే వరద కాలువను కబ్జాల నుంచి విడిపించాలి, శిఖం భూమిలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో, ప్లాట్ల వెంచర్ వేసినవాణ్ణి కదిలించాలి. మొదటి పని ఏఈ చేయగలడు. రెండో పని శాసనసభ్యుడు తప్ప ఎవరూ చేయలేరు, ఎందుకంటే ఆ వెంచర్ వేసినవాడు సాధారణంగా శాసనసభ్యుడి పక్కనే కూర్చుని ఉంటాడు.

ఇంజినీరై వచ్చిన మనిషి తనకు అలవాటైన మొదటి పనిలోకే జారిపోతాడు. కట్ట మీద నిలబడి ఏఈకి వాలు ఎంత ఉండాలో చెబుతాడు, రాయి పేర్పు తప్పని చూపిస్తాడు, జనం మెచ్చుకుంటారు. ఏఈ భయంతో తలూపుతాడు. డిజైన్ ఎవరిది, బాధ్యత ఎవరిది అన్నది గాలికి పోతుంది. నేను సర్వీసులో ఉండగా అటువంటి ప్రజాప్రతినిధి ఒకరి కింద పనిచేశాను. ఆయనకు మా కన్నా ఎక్కువ తెలుసు. అయినా ఆ కాలంలో మా డివిజన్‌లో ఎవరూ సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకోలేదు.

ఏఈఈ_కరీంనగర్:

సార్ చెప్పింది అక్షరాలా నిజం. మాకు తెలియనివాడితో ఇబ్బంది లేదు, నచ్చజెప్పవచ్చు. సగం తెలిసినవాడితోనూ నెగ్గుకు రావచ్చు. అన్నీ తెలిసినవాడు అధికారం కూడా చేతిలో ఉంచుకుని సైటుకు వస్తేనే మా చేతులు కట్టేసినట్టు అవుతుంది.

నిట్_పాత_విద్యార్థి:

మరి ఇంజినీరు చట్టసభకు పోకుండానే చేయగలిగినది తక్కువా? నిజాం సాగర్ కట్టించిన అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఎప్పుడూ ఓటు అడగలేదు, ఆయన పుట్టిన జూలై 11న మన రాష్ట్రం ఇంజినీర్ల దినోత్సవం చేసుకుంటోంది. కేంద్ర జలసంఘంలో పనిచేసి రిటైరైన ఆర్. విద్యాసాగర్ రావు గారు ఎన్నికల్లో గెలిచి రాలేదు, అయినా గోదావరి, కృష్ణా జలాల లెక్క ఊరూరా చెప్పి ఉద్యమానికి అంకెలు అందించారు, తరువాత ప్రభుత్వ సలహాదారుగా ఉండి 2017లో కన్నుమూశారు. చాలామంది శాసనసభ్యుల పేర్లు మరచిపోయిన రైతులు కూడా ఆయన పేరు చెబుతారు.

ములుగు_రోడ్డు:

ఆయన మాట చెల్లింది సభలో కూర్చున్న ఒక పార్టీ ఆయన అంకెలను ఎత్తుకుంది కాబట్టి. ఎత్తుకోకపోతే మనలాంటి వాళ్లు వేదికల్లో రాసుకుంటూ ఉండేవాళ్లం. అంకె చెప్పేవాడు, చేయి ఎత్తేవాడు వేరు వేరు మనుషులు కావాలన్న నియమం మాత్రం ఎక్కడుంది?

పొన్నాల గారి సంగతిలోనూ నాకు జనగామ అన్నతో పూర్తి అంగీకారం లేదు. చదువు వల్ల తేడా రాలేదని అనడం సులువు. గుట్ట ఎక్కించి నీళ్లు ఇవ్వడం సాధ్యమేనని ఒక మెరక నియోజకవర్గం వాడు నమ్మి శాఖ పట్టుబట్టడంలో ఇంజినీరు మనసు పని చేయలేదని ఎట్లా అనగలం? రామప్ప నుంచి ధర్మసాగర్ వైపు తవ్విన అంత పొడుగు సొరంగాన్ని కాగితం మీద చూసి భయపడని మంత్రి కావాలి కదా.

జనగామ_వాసి:

అది ఒప్పుకుంటాను. అయితే ఆ సొరంగం ఎన్నేళ్లు పట్టిందో, ఎన్ని ప్రభుత్వాలు మారినా మా చివరి ఆయకట్టుకు పిల్ల కాలువలు ఎంత వరకు వచ్చాయో కూడా లెక్కలో వేయాలి. పంపులకు, సొరంగాలకు శంకుస్థాపనలు ఉంటాయి. పొలంలోకి పోయే పిల్ల కాలువకు ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. మీ అన్నయ్య గారు గెలిస్తే, ఆ పిల్ల కాలువల భూసేకరణ గురించి సభలో అడిగిన మనిషిగా గుర్తుంటే చాలు. మా మండలాల్లో ఓట్లు కూడా దానికే పడతాయని హామీ ఇవ్వలేను.

హనుమకొండ_పాఠకుడు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం అన్నయ్యకు ఇచ్చాను. ఈఈ సార్ రాసిన "పెద్ద ఈఈ" మాట దగ్గర చాలాసేపు ఆగారు. పార్టీ వాళ్లకు ఇంకా ఏ మాటా ఇవ్వలేదని, విరమణ దరఖాస్తు మాత్రం పెట్టాలనే ఉందని అన్నారు. తన సబ్ డివిజన్‌లో రెండు పనులకు తుది బిల్లులు ఇంకా కాలేదట. వాటిని ఉంచి విరమణ అడగవచ్చా అన్నది ఆయన ప్రశ్న.

ఏఈఈ_కరీంనగర్:

అడగవచ్చు గానీ, అడగకపోవడం మేలు. ఆ రెండు పనుల తుది కొలతలు తానే పూర్తి చేసి, బిల్లులు పంపి, పుస్తకాలు, సైటు రిజిస్టర్లు జాబితా రాసి తరువాత వచ్చే డీఈకి సంతకంతో అప్పగించాలి. ఆ అప్పగింత నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. నాలుగేళ్ల నిబంధన గురించి ముందు రాసింది దీని కోసమే.

నక్షత్ర_ప్రశ్న:

దరఖాస్తు పెట్టేలోపు ఒక పని చేయమనండి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో నీటిపారుదల పద్దు చర్చకు వచ్చే రోజు సందర్శకుల గ్యాలరీకి పాసు సంపాదించి, సెలవు పెట్టి, పొద్దున్నుంచి ముగిసే వరకు కూర్చోమనండి. పాసుకు స్థానిక శాసనసభ్యుడి సిఫారసు అవసరం పడుతుంది. అది అడగడానికి ఆయన ఇంటి ముందు ఉదయం వరుసలో నిలబడవలసి వస్తుంది, అది కూడా చూసినట్టవుతుంది. వదినమ్మను కూడా వెంట తీసుకుపోతే ఇంకా మంచిది.